రెట్టింపు లెక్క ఎంతవరకు?

లెక్కల మాస్టారు: బ్యాక్టీరియా ఎంత పెరిగిందో చెప్పడానికి మూడు సంగతులు తెలిస్తే చాలంటాను. మొదట ఎన్ని ఉన్నాయి, రెట్టింపు కావడానికి ఎంతసేపు పడుతుంది, మనం ఎంతసేపు వదిలేశాం. గడిచిన కాలాన్ని రెట్టింపు కాలంతో భాగిస్తే ఎన్ని రెట్టింపులు పడ్డాయో తెలుస్తుంది. మొదటి సంఖ్యను అన్నిసార్లు రెండుతో గుణిస్తే జవాబు. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి గణితంలో గుణశ్రేఢుల దగ్గర ఉన్న లెక్క ఇదే. కల్చర్‌లో మొదట 30 బ్యాక్టీరియా, గంటగంటకూ రెట్టింపు; రెండో గంట చివర 120, నాలుగో గంట చివర 480. ఇంత తేలిగ్గా పిల్లల చేతికందే జీవశాస్త్రపు లెక్క మరొకటి నాకు తెలియదు. అది వాళ్లను తప్పుదోవ పట్టిస్తోందంటే నేను ఒప్పుకోను.

మైక్రోబయాలజిస్టు: నాలుగో గంట దగ్గర ఆపారు కాబట్టి బాగుంది మాస్టారూ. ఇ.కోలైని తీసుకోండి. 37 డిగ్రీల దగ్గర మంచి బ్రోత్‌లో అది దాదాపు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఒక్క కణంతో మొదలుపెడితే రోజుకి 72 రెట్టింపులు. కణం బరువు గ్రాములో సుమారు లక్ష కోట్లవ వంతు. మీ సూత్రం ప్రకారం 24 గంటలకి 4,700 టన్నుల బ్యాక్టీరియా రావాలి. ఇంకో రోజు ఆగితే భూమి బరువుకి 3,700 రెట్లు. నిజంగా రాత్రంతా షేకర్‌లో తిప్పిన బ్రోత్‌ని పొద్దున చూస్తే మిల్లీలీటరుకి కొన్ని వందల కోట్ల దగ్గర ఆగిపోయి ఉంటుంది. ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది అన్నది సూత్రంలో ఎక్కడా లేదు. గుణకారం వరకు పిల్లలు సరిగ్గానే నేర్చుకుంటున్నారు. బ్యాక్టీరియా గురించి మాత్రం లేనిది నేర్చుకుంటున్నారు.

లెక్కల మాస్టారు: ఆహారం, చోటు, వేడి మారనంతవరకు అన్న షరతు దాని వెనక ఉందమ్మా.

మైక్రోబయాలజిస్టు: ఏ ప్రశ్నపత్రంలో రాశారు ఆ షరతు?

లెక్కల మాస్టారు: రాయరు, అది నిజమే. కానీ షరతు రాయనంత మాత్రాన సూత్రానికి విలువ పోదు. క్షయ సంగతి చూడండి. కళ్లె పరీక్షకి ఇస్తే కల్చర్ రిపోర్టుకి వారాలు పడుతుంది. ఇంటివాళ్లు ల్యాబ్‌ని తిట్టుకుంటారు. ప్లేటు మీద కంటికి కనబడే కాలనీ కావాలంటే ఒక్క కణం మూడు కోట్ల పైచిలుకు కావాలి, అంటే 25 రెట్టింపులు. ఇ.కోలైకి 20 నిమిషాల చొప్పున అది ఎనిమిది గంటల పని, అందుకే సాయంత్రం పెడితే పొద్దున్నే చుక్కలు. క్షయ బ్యాక్టీరియా రెట్టింపు కావడానికి సుమారు 20 గంటలు. 25ని 20తో గుణిస్తే 500 గంటలు, అంటే మూడు వారాలు. ఎల్‌జే మీడియం మీద ఎనిమిది వారాల దాకా చూస్తారు, ద్రవ కల్చర్‌లో 42 రోజులు ఆగుతారు. ల్యాబ్ వాళ్లు ఆలస్యం చేయడం లేదని ఆ ఇంటివాళ్లకి ఒక్క గుణకారంతో చెప్పగలను. ఈ సూత్రం లేకుండా మీరెలా చెబుతారు?

మైక్రోబయాలజిస్టు: మీరు చెప్పినంత బాగా చెప్పలేను. ఆ 25 రెట్టింపుల మాట నేనూ వాడుకుంటాను. కానీ అదే క్షయని ఇంకొంచెం ముందుకి తీసుకెళ్లండి. మందులకి లొంగే మామూలు క్షయకి కూడా ఆరు నెలలు మందులు మింగాలి. ఎందుకు? చకచకా విభజన చెందుతున్న బ్యాక్టీరియా మొదటి వారాల్లోనే చాలావరకు పోతుంది. ఆ తరవాత మిగిలేవి దాదాపు విభజన ఆపేసి పడి ఉన్నవి, మందులు సులువుగా తాకలేనివి. మీ సూత్రంలో ప్రతి కణమూ ఒకే గడియారం ప్రకారం రెండవుతుంది. రోగి ఒంట్లో ఆ గడియారం పాటించని కొన్ని కణాల వల్లే జబ్బు తిరగబెడుతుంది. సగటు తీసి లెక్కవేస్తే ముందుగా చెయ్యిజారిపోయేది వాటి సంగతే.

లెక్కల మాస్టారు: సగటుకి ఆ లోపం ఉంది. ఇప్పుడు నేను చెప్పేది వినండి, ఇది వంటింటి సంగతి. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు ఉడుకుని కూడా తట్టుకుని బతుకుతాయి. అన్నం బయట వదిలేస్తే అవి మొలకెత్తి పెరుగుతాయి. వేసవిలో అరగంటకోసారి రెట్టింపు అనుకుందాం. ఆరు గంటలకి 12 రెట్టింపులు, అంటే 4,096 రెట్లు. గ్రాముకి వంద ఉన్నవి నాలుగు లక్షలవుతాయి. గ్రాముకి లక్ష దాటితే ప్రమాదమని చెబుతారు కదా. ఇక అసలు మాట. మీరు గిన్నెలు బాగా కడిగి, చేతులు శుభ్రంగా ఉంచుకుని ఆ వందని పదికి తగ్గించారనుకోండి. ఎంత గడువు వచ్చింది? పది రెట్లు పెరగడానికి 3.3 రెట్టింపులు చాలు, అంటే గంటా నలభై నిమిషాలు. పదో వంతుకి తగ్గించిన కష్టమంతా గంటా నలభై నిమిషాల్లో కొట్టుకుపోతుంది. అదే అన్నాన్ని చల్లబరిచి ఫ్రిజ్‌లో పెడితే రెట్టింపు కాలమే మారిపోతుంది, గడువు రోజుల్లోకి వెళుతుంది. మొదటి సంఖ్య మీద పెట్టే శ్రమ కూడికలాగా కలిసొస్తుంది, రెట్టింపు కాలం మీద పెట్టే శ్రమ గుణకారంలాగా కలిసొస్తుంది. వంటగది నడిపే ప్రతి హాస్టల్‌లోనూ తెలియాల్సిన విషయమిది. ఎన్ని ప్లేట్లు పరిచి ఎన్ని చుక్కలు లెక్కపెట్టినా ఇది కనబడదు. సంవర్గమానం తీసుకుంటేనే కనబడుతుంది.

మైక్రోబయాలజిస్టు: ఇది బలమైన మాట మాస్టారూ, దీనికి ఎదురుచెప్పను. అయితే మీ లెక్క వేడి అన్నం పొయ్యి దించిన నిమిషం నుంచే గడియారం మొదలుపెట్టింది. కొత్త చోట పడ్డ బ్యాక్టీరియా వెంటనే విభజన మొదలుపెట్టదు. దాన్ని మేము ల్యాగ్ దశ అంటాం. కొత్త ఆహారానికి కావలసిన ఎంజైములు తయారుచేసుకుంటుంది, దెబ్బతిన్నవి బాగుచేసుకుంటుంది. అది అరగంట కావచ్చు, మూడు గంటలు కావచ్చు. ముందు ఎక్కడుంది, ఎంత వేడి తగిలింది, ఫ్రిజ్‌లోంచి వచ్చిందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. 20 నిమిషాల రెట్టింపు ఉన్న బ్యాక్టీరియాకి రెండు గంటల ల్యాగ్ వదిలేస్తే మీ జవాబు 64 రెట్లు ఎక్కువ వస్తుంది. పది శాతమో, ఇరవై శాతమో కాదు, 64 రెట్లు.

లెక్కల మాస్టారు: ఎక్కువ వస్తే నష్టమేముంది? జాగ్రత్త పడతాం.

మైక్రోబయాలజిస్టు: అన్నం దగ్గర నష్టం లేదు, పారేస్తారు. రోగి దగ్గర ఉంది. మూత్రం కల్చర్ ఎలా చేస్తామో చెబుతాను. ఒక మైక్రోలీటరు పట్టే లూప్ ఉంటుంది, చిన్న రింగు. దాన్ని శాంపిల్‌లో నిటారుగా ముంచి తీసి, ప్లేటు మీద మధ్యలో ఒక గీత గీసి, దానికి అడ్డంగా అటూ ఇటూ పరుస్తాం. లూప్‌ని పక్కకి వంచి ముంచితే ఎక్కువ వస్తుంది, అందుకే నిటారుగా. మర్నాడు వంద కాలనీలు కనబడితే మిల్లీలీటరుకి లక్ష అని రాస్తాం. 1950ల్లో ఎడ్వర్డ్ కాస్ అనే అమెరికన్ డాక్టరు పెట్టిన హద్దు అది. లక్ష దాటితే ఇన్ఫెక్షన్ అని చాలాచోట్ల ఇప్పటికీ దాన్నే చూస్తారు. మే నెలలో కలెక్షన్ సెంటర్ నుంచి శాంపిల్ మూడు గంటలు ఆలస్యంగా, ఐస్ లేని డబ్బాలో వస్తుంది. ప్లేటు మీద వంద కాలనీలు. శాంపిల్ తీసినప్పుడు లక్ష ఉన్నాయా, ఐదు వందలుండి దారిలో పెరిగాయా? మీ సూత్రం చాలినదైతే వెనక్కి లెక్కవేసి తేల్చేయొచ్చు. అలా తేల్చకూడదు. ల్యాగ్ ఎంతో తెలియదు, డబ్బాలో వేడెంతో తెలియదు, మూత్రంలో ఆ బ్యాక్టీరియా ఎంత వేగంగా పెరుగుతుందో తెలియదు. తప్పు లెక్కవేస్తే ఒకరికి అక్కర్లేని యాంటీబయాటిక్ పడుతుంది, ఇంకొకరికి కావలసింది అందదు. అందుకే మళ్లీ శాంపిల్ పంపమంటాం.

లెక్కల మాస్టారు: మళ్లీ పంపమని ఎందుకంటున్నారు? మూడు గంటల్లో ఐదు వందలు లక్ష కాగలవని సూత్రం చెప్పింది కాబట్టే. ఐదు వందలు లక్ష కావడానికి ఏడు రెట్టింపులు చాలవు, ఎనిమిదో రెట్టింపు పడితే దాటతాయి. 20 నిమిషాల చొప్పున రెండు గంటల నలభై నిమిషాలు. రెండు గంటల్లోపు కల్చర్ పెట్టాలి, లేదా నాలుగు డిగ్రీల దగ్గర ఉంచాలి అన్న మీ నియమంలో ఉన్నది గుణశ్రేఢే. ఎంత పెరిగిందో సూత్రం చెప్పలేకపోయినా, ఎంతవరకు పెరగగలదో చెప్పింది. అది చిన్న సాయం కాదు.

మైక్రోబయాలజిస్టు: పెరగగల హద్దు చెప్పడానికైతే నాకూ సమ్మతమే. పెరిగినదాన్ని చెప్పడానికి లెక్కపెట్టాలి.

లెక్కల మాస్టారు: సరే, మీ లెక్కపెట్టడం గురించే మాట్లాడదాం. బ్రోత్‌ని పదేసి రెట్లు చొప్పున ఆరు ట్యూబుల్లో పలచన చేశారు, అంటే పది లక్షల రెట్లు. ఆఖరి ట్యూబులోంచి 0.1 మిల్లీలీటరు ప్లేటు మీద పరిచారు. 146 కాలనీలు. కాబట్టి మిల్లీలీటరుకి 146 కోట్లు అని రాశారు. మీరు చూసింది 146 చుక్కలు. మిగతా కోట్లన్నీ గుణకారంతో వచ్చినవి. పిపెట్ ప్రతి ట్యూబులోనూ రెండు శాతం తక్కువ తీసుకుంటే ఆరు ట్యూబులు దాటేసరికి 11 శాతం తేడా, అదీ గుణశ్రేఢే. ఇక వంద చుక్కలు వచ్చాయంటే, వర్గమూలం పది కాబట్టి అటూ ఇటూ పది శాతం ఊగిసలాట కేవలం అదృష్టం వల్ల వస్తుంది. 25 వస్తే ఊగిసలాట 20 శాతం. 30కి తక్కువ వచ్చిన ప్లేటుని లెక్కలోకి తీసుకోవద్దని మీకు నేర్పింది ఎవరు? సంభావ్యతా సిద్ధాంతం. పైగా ఒక చుక్క ఒక కణం నుంచే వచ్చిందని ఎవరు చెప్పారు? స్టెఫైలోకాకస్ గుత్తులుగా ఉంటుంది, స్ట్రెప్టోకాకస్ గొలుసుల్లా ఉంటుంది. గుత్తికి ఒకటే చుక్క.

మైక్రోబయాలజిస్టు: అందుకే మేము కణాలు అని రాయం, కాలనీ ఏర్పరచే యూనిట్లు అని రాస్తాం. మీరు వదిలేసిన లోపం ఇంకోటుంది, అది నేనే చెబుతాను. బతికి ఉండి కూడా ప్లేటు మీద పెరగనివి ఉన్నాయి. రీటా కోల్వెల్ బృందం 1982లో కలరా విబ్రియోల్లో దీన్ని చూపించింది. నీళ్లలో ప్రాణంతోనే ఉంటాయి, ప్లేటు మీద ఒక్క చుక్క రాదు. చెరువు నీళ్లనో, మట్టినో మైక్రోస్కోపు కింద చూసి లెక్కపెట్టినదానికీ, ప్లేటు మీద వచ్చినదానికీ మధ్య ఉండే వందల రెట్ల తేడాకి 1985లో స్టేలీ, కొనోప్కా ఒక పేరే పెట్టారు. ప్లేటు చూపించేది ఆ మీడియం మీద, ఆ వేడిలో పెరగడానికి ఇష్టపడ్డవాటినే. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో మసకదనం కొలిస్తే చచ్చినవీ బతికినవీ ఒకేలా కాంతిని చెదరగొడతాయి. ఏ కొలతకి ఆ కొలత హద్దు ఉంది. కానీ ఆ హద్దులు మాకు తెలుసు, రిపోర్టులో రాస్తాం.

లెక్కల మాస్టారు: రొయ్యల రైతు సంగతేమిటి మరి? అతనికి కావలసింది రేపటి సంగతి. మీరిచ్చేది నిన్నటి లెక్క.

మైక్రోబయాలజిస్టు: నిజం. భీమవరం వైపు ఆక్వా ల్యాబులకి పొద్దున్నే సీసాల్లో చెరువు నీళ్లు వస్తాయి. టీసీబీఎస్ ప్లేటు మీద పరిచి మర్నాటికి గ్రీన్ కాలనీలు ఎన్ని, ఎల్లో కాలనీలు ఎన్ని అని చెబుతారు. చక్కెరని పులియబెట్టే విబ్రియోలు ఎల్లోగా, పులియబెట్టలేనివి గ్రీన్‌గా వస్తాయి. గ్రీన్ అంటేనే రైతు గుండె గుభేలుమంటుంది, రొయ్యల్ని తుడిచిపెట్టే విబ్రియో పారాహీమోలైటికస్ ఆ రంగులోనే వస్తుంది. కానీ గ్రీన్ అయినంత మాత్రాన అది చంపే రకమని కాదు. విషాన్ని తయారుచేసే జన్యువులున్న రకమా కాదా అన్నది పీసీఆర్‌లోనే తేలుతుంది. ప్లేటు చదివేసరికి చెరువులో ఒక రోజు గడిచిపోయింది, అదీ నిజమే. అయినా మీ సూత్రం అక్కడ ఇంకా పనికిరాదు మాస్టారూ. విబ్రియోల్లో పది నిమిషాలకి రెట్టింపయ్యేవి ఉన్నాయి. అలా చెరువుకి లెక్కవేస్తే సాయంత్రానికి నీళ్లు బ్యాక్టీరియాతో గట్టిపడాలి. చెరువులో వాటిని తినే ప్రోటోజోవాలు ఉన్నాయి, చీల్చే ఫేజ్‌లు ఉన్నాయి, పోటీకొచ్చే వేరే బ్యాక్టీరియా ఉంది, మబ్బు పట్టిన రోజు ప్లాంక్టన్ చచ్చి కిందికి దిగితే ఒక్కసారిగా మేత దొరుకుతుంది. ఒక ప్లేటుతో రైతుకి భవిష్యత్తు చెప్పలేం. రెండు రోజులకోసారి నీళ్లిచ్చి వరసగా నాలుగు అంకెలు పోల్చుకుంటే పెరుగుతోందా, నిలకడగా ఉందా చెప్పగలం. రైతుకి పనికొచ్చేది అదే.

లెక్కల మాస్టారు: నాలుగు అంకెల్ని వరసగా పెట్టి చూడటమంటే వక్రరేఖ గీయడమే కదమ్మా. పెరుగుతోందని దేనితో పోల్చి అంటారు?

మైక్రోబయాలజిస్టు: దేనితో పోల్చాలన్నదే మన అసలు తగాదా. జాక్ మోనో పారిస్‌లో చేసిన పని చూడండి. గ్లూకోజు, లాక్టోజు రెండూ కలిపిన మీడియంలో ఇ.కోలైని పెంచి, కొద్దికొద్ది నిమిషాలకి కొలుస్తూ పోతే ఏం కనబడుతుంది? పెరుగుదల సాగుతుంది, మధ్యలో ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. ముందు గ్లూకోజంతా తిని, అది అయిపోయాక లాక్టోజుకి కావలసిన ఎంజైము తయారుచేసుకోవడానికి ఆగుతుంది. ఇలాంటి రెండు మెట్ల పెరుగుదలని మోనో 1941లో తన థీసిస్‌లో రాశాడు. మొదటి అంకె, చివరి అంకె తీసుకుని మీ సూత్రంలో వేస్తే ఒక చక్కని సగటు రెట్టింపు కాలం వస్తుంది, ఆ ఆగిన కాలం మాయమైపోతుంది. ఆ ఆగిన కాలాన్ని వెంబడించుకుంటూ వెళ్లి, జన్యువులు ఎలా తెరుచుకుంటాయో, ఎలా మూసుకుంటాయో ఆయనా ఫ్రాంస్వా జాకబూ తేల్చారు. 1965లో ఆంద్రే ల్వాఫ్‌తో కలిసి వాళ్లకి నోబెల్ వచ్చింది. బ్యాక్టీరియా తన సంగతి తాను చెప్పుకునేది సూత్రం తప్పిన చోటే. పిల్లలకి అది చూపించకుండా 120, 480 అని రాయిస్తే నాకు బాధగా ఉంటుంది.

లెక్కల మాస్టారు: బాధ అర్థమైంది. కానీ సూత్రం తప్పిందని ఎలా తెలిసింది? సంవర్గమానంలో గీస్తే ఘాతాంక పెరుగుదల తిన్నని గీతగా వస్తుంది. ఆ గీత తిన్నగా సాగుతూ ఒకచోట అడ్డంగా పడుకుంది కాబట్టే మోనో అక్కడ ఆగి చూశాడు. మామూలు కాగితం మీద అంకెలు గీస్తే అన్నీ వంకరే, ఏ వంకర ముఖ్యమో తెలియదు. తిన్నని గీత ఎలా ఉంటుందో తెలియని పిల్లలకి వంపు చూపిస్తే వాళ్లకేం తెలుస్తుంది? 12వ తరగతిలో అవకల సమీకరణాల దగ్గర ఇంకో లెక్క ఉంది. లక్ష బ్యాక్టీరియా రెండు గంటల్లో పది శాతం పెరిగితే రెండు లక్షలు కావడానికి ఎన్ని గంటలు? పిల్లలు గబుక్కున 20 అంటారు. జవాబు పద్నాలుగున్నర. పెరిగినవి కూడా పెరుగుతాయి కాబట్టి ఐదున్నర గంటలు ముందే వస్తుంది. ఆ ఐదున్నర గంటల తేడా ఒంటబట్టినవాళ్లకే అంటువ్యాధి వార్త చదివినా, అప్పు మీద చక్రవడ్డీ చదివినా అర్థమవుతుంది. ఇది తీసేస్తే వాళ్ల బుర్ర కూడిక దగ్గరే నిలిచిపోతుంది.

మైక్రోబయాలజిస్టు: తీసేయమని నేను అనలేదు.

లెక్కల మాస్టారు: లెన్‌స్కీ ప్రయోగం మీకు నాకంటే బాగా తెలుసు. 1988 ఫిబ్రవరిలో 12 ఫ్లాస్కుల ఇ.కోలైతో మొదలుపెట్టాడు. రోజూ ప్రతి ఫ్లాస్కులోంచి 0.1 మిల్లీలీటరు తీసి 9.9 మిల్లీలీటర్ల కొత్త మీడియంలో వేయడం. అంటే రోజూ వందో వంతుకి తగ్గించి, మళ్లీ వంద రెట్లు పెరగనివ్వడం. ఎంత వేగంగా పెరిగినా, ల్యాగ్ ఎంత పట్టినా, వంద రెట్లు పెరిగిందంటే 6.64 రెట్టింపులు పడ్డట్టే. ఒక్క కణం కూడా లెక్కపెట్టక్కర్లేదు. ఆ లెక్కతోనే 75,000 తరాలు దాటిందని నిబ్బరంగా చెప్పగలుగుతున్నారు. మీరు చెప్పిన లోపాలన్నీ, ల్యాగూ, ఆగిపోవడమూ, అన్నీ ఆ ఫ్లాస్కుల్లో రోజూ జరుగుతున్నాయి. అయినా లెక్క చెక్కుచెదరలేదు.

మైక్రోబయాలజిస్టు: చచ్చినవి పోగా మిగిలిన నికర పెరుగుదల లెక్క అది. అయినా అందంగా ఉంది, కాదనను. అదే ప్రయోగంలో 2003లో ఒక ఫ్లాస్కు మిగతా పదకొండింటికంటే మసకగా కనబడింది. సుమారు 31,000 తరాలు దాటాక అందులోని బ్యాక్టీరియా మీడియంలో మొదటి నుంచీ ఉన్న సిట్రేటుని గాలి తగులుతుండగానే తినడం నేర్చింది. ఇ.కోలై మామూలుగా చేయలేని పని అది. ఆ రోజూ, ఆ మర్నాడూ కూడా మీ 6.64 మారలేదు మాస్టారూ. ఫ్లాస్కుని వెలుతురుకి ఎత్తి చూసినవాళ్ల కళ్లకే అది చిక్కింది.

లెక్కల మాస్టారు: ఆ ఒక్క విషయంలో నా దగ్గర జవాబు లేదు. నిష్పత్తిని పట్టుకున్న సూత్రం, ఎంత ఉందన్నదాన్ని వదిలేసింది. కానీ 30 బ్యాక్టీరియా లెక్కని పుస్తకంలోంచి తీయనివ్వను. ఏ పిల్లలైనా ముందు తిన్నని గీత గీయాలి.

మైక్రోబయాలజిస్టు: గీయనివ్వండి. గీత ఎక్కడ ఆపాలో కూడా అడగండి. ఆ 30 బ్యాక్టీరియా 10 మిల్లీలీటర్ల బ్రోత్‌లో ఉన్నాయనుకుందాం. మిల్లీలీటరుకి 300 కోట్లు పడతాయంటే ట్యూబు మొత్తానికి 3,000 కోట్లు. గంటకోసారి రెట్టింపైతే 30వ గంటకి 3,200 కోట్లు దాటాలి. అంటే ఎంత ఉదారంగా చూసినా మీ లెక్క 30వ గంట దగ్గర ఆగిపోతుంది. 40వ గంటకి ఎన్ని అని అడిగితే 33 లక్షల కోట్లు అని రాసిన విద్యార్థికి మీరు పూర్తి మార్కులు వేస్తారు. నా ల్యాబులో అదే అంకె రాస్తే రిపోర్టు చించేయాలి.

లెక్కల మాస్టారు: 30వ గంట అన్నది కూడా నా సూత్రంతోనే లెక్కవేశారు.

మైక్రోబయాలజిస్టు: 300 కోట్లన్నది మాత్రం కొలిచి తెలుసుకున్నది. ఏ సూత్రమూ చెప్పలేదు. ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి నా విన్నపం ఇంతే. బ్యాక్టీరియా లెక్క ఇచ్చినప్పుడు ఎన్ని మిల్లీలీటర్ల మీడియమో రాయండి, అందులో అత్యధికంగా ఎన్ని పడతాయో రాయండి, ఈ లెక్క ఎన్ని గంటల వరకు చెల్లుతుందో కూడా కనుక్కోమని చివర ఒక్క వాక్యం చేర్చండి.